రోజుకు రెండు నిమిషాలు నడిచిన బండి

ఇస్నాపూర్‌లో మెకానిక్ షెడ్డు పెట్టిన నాటి నుంచి ఎన్నో కంపు కొట్టే ఇంజన్లలో చేతులు పెట్టాను. వాసనలకు భయపడే మనిషిని కాను. కానీ పాశమైలారంలో ఒక కెమికల్ ఫ్యాక్టరీ ఫైరింజను విప్పిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించదు.

అది మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత పెట్రోల్ ట్రక్కు. ఫ్యాక్టరీ వాళ్లు కొని, వెనక నీళ్ల ట్యాంకు బిగించి, ఎర్ర రంగు కొట్టించుకున్నారు. నాలుగు రోజుల్లో తనిఖీ ఉందట. బండేమో స్టార్టయితే వణుకుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే సైలెన్సర్‌లో ఢామ్మని పేలుతుంది. సేఫ్టీ ఆఫీసర్ కబురు పెడితే వెళ్లాను.

బండి పక్కన దాని డ్రైవర్ నిలబడి ఉన్నాడు. చిట్కుల్ మనిషి, అరవైకి దగ్గర. వాళ్ల పొలం ఫ్యాక్టరీ కిందికి పోతే బదులుగా ఈ నౌకరీ ఇచ్చారు. బండిని తళతళలాడేట్టు తుడిచి పెట్టుకున్నాడు.

"ఒక్కనాడు గుడ నాగా లేదు బిడ్డా. రోజు పొద్దుగాల స్టార్ట్ జేస్త, రెండు నిమిషాలు మోగినంక బంద్ జేస్త" అన్నాడు.

ఏ సిలిండర్ ప్లగ్గుకు ఎప్పుడు కరెంటు అందాలో పంచేది డిస్ట్రిబ్యూటర్. దాని అడుగున చిన్న గేరు ఉంటుంది. పైకి లాగి చూస్తే ఆ గేరు పళ్లు బ్లేడు అంచుల్లా అరిగిపోయాయి. అందుకే కరెంటు వేళ తప్పి అందుతోంది. గేరు మార్చేసి నా దారిన నేను పోవచ్చు. కానీ అదే షాఫ్టు కింద ఆయిల్ పంపును కూడా తిప్పుతుంది. పంపు బిగుసుకుపోతే ఆ బరువంతా గేరు మీదే పడుతుంది, కొత్తది వేసినా మళ్లీ అరుగుతుంది. అందుకని బండి కింద పడుకుని ఆయిల్ చాంబర్ విప్పాను.

ఆయిల్ కారలేదు. ముద్దలు ముద్దలుగా జారింది. పైన బూజు పట్టిన పెరుగులాంటి మీగడ, అడుగున నల్ల బురద, అందులో మెరిసే ఇనుప రజను. పెట్రోలు, తుప్పు, మురిగిన నీళ్లు కలిసిన కంపు. ఒక ముద్ద మోచేతి మీదుగా చంకలోకి పాకింది. అదంతా రోజూ రెండు నిమిషాల పుణ్యమే. ఇంజను వేడెక్కకముందే ఆపేస్తే లోపలి చెమ్మ ఆరదు, ఆయిల్‌లో కలిసి కుళ్లుతుంది. ఆ కుళ్లే పంపు జల్లెడను పూడ్చేసి, పంపును బిగుసుకుపోయేలా చేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏంది కాకా ఇది? బండిని సూసుకున్నవా, దాని పాణం దీసినవా? రెండు నిమిషాలు మోగిచ్చి బంద్ జేసుడు ఎవడు నేర్పిండు నీకు? జెర బుద్ధుండాలె" అన్నాను, తండ్రి వయసు మనిషిని.

ఆయన ఆ ముద్ద వంక చూశాడు. పాత గుడ్డలు తెస్తానని స్టోర్ రూమ్ వైపు పోయాడు.

అప్పుడే ఆఫీసర్ వచ్చాడు, ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని. "ఎవరి తప్పు ఇది?"

"ఇంకెవలిది సార్, డ్రైవర్‌దే. నడపరాని మనిషికి బండిస్తే గిట్లనే ఉంటది."

ఆఫీసర్ గబగబా ఏదో రాసి కాగితం నా ముందు పెట్టాడు. చదవకుండానే సంతకం పెట్టాను.

తర్వాతి రెండు రోజులూ పనే. పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, పన్నుకు పన్ను సరిచూసి అదే కొలత గేరు తెచ్చాను. షాఫ్టు పిన్ను కొట్టి పాతది తీసి కొత్తది ఎక్కించాను. పంపును, చాంబర్‌ను కిరోసిన్‌తో కడిగి, మళ్లీ బిగించి కొత్త ఆయిల్ పోశాను. మూడో రోజు, ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో చూద్దామని క్యాబిన్‌లోని రిజిస్టర్ తీశాను.

పాత పేజీల్లో డ్రైవర్ వంకర రాత. ప్రతి ఆదివారం బండిని ఇస్నాపూర్ దాకా అరగంట తిప్పి తెచ్చినట్టు రాసుకున్నాడు. ఒకచోట ఎర్ర సిరాతో అడ్డగీత. 'పెట్రోలు దండగ. రోజుకు రెండే నిమిషాలు. గేటు దాటరాదు.' కింద ఈ ఆఫీసర్ సంతకమే. ఆ తర్వాత డ్రైవర్ మూడు నెలల్లో మూడుసార్లు రాశాడు, 'ఇంజన్ ఖరాబైతది సార్' అని. జవాబు లేదు. అక్కడి నుంచి అన్నీ టిక్కులే.

రిజిస్టర్ పట్టుకుని డ్రైవర్ దగ్గరికి పోయాను. "కాకా, నేను తిడుతుంటే ఈ ముచ్చట ఎందుకు చెప్పలే?"

"నువ్వు కోపంల ఉంటివి బిడ్డా. ముందుగాల పని గానీ అనుకున్న" అన్నాడు.

ఆఫీసర్ గదికి పరుగెత్తాను. "సార్, నేను తెల్వక అన్న. ఆయన తప్పు లేదు, రిజిస్టర్‌ల మీ సంతకమే ఉంది."

ఆయన తల ఎత్తలేదు. "నువ్వు సంతకం పెట్టిన రిపోర్టు హెడ్డాఫీసుకు వెళ్లిపోయింది. అతన్ని తీసేశారు, సాయంత్రం లెటర్ ఇస్తాను. బండి స్టార్టవుతుందా లేదా, అది చెప్పు."

థూ. వీడి ముఖం కంటే ఆ చాంబర్‌లో కుళ్లు నయమనిపించింది. కానీ వీడు పంపింది నా మాటే. నా నోటికి అడ్డూ అదుపూ లేక వాగిన మాట.

తిరిగొచ్చి తాళం తిప్పాను. ఇంజను ఒక్క వణుకు లేకుండా అందుకుంది. కావాలనే అరగంట ఆపలేదు. పైన కిటికీలోంచి ఆఫీసర్ ఆపమని చేయి ఊపుతున్నా చూడనట్టే ఉన్నాను.

డ్రైవర్ బకెట్‌తో నీళ్లు, సబ్బు తెచ్చాడు. నా చేతుల మీద తనే చెంబుతో నీళ్లు పోశాడు. "మస్తు మోగుతుంది బిడ్డా. నీ కోపం ఏమోగని, చేతిల పనుంది. రేపు కొత్త అంగీ తొడుక్కొని వస్త. తనిఖీకి వచ్చినోళ్ల ముంగట నేనే నడపాలె."

రేపు ఆయన రానక్కర్లేదన్న సంగతి అప్పటికి నాకు తెలుసు, ఆయనకు తెలియదు. నురగ పోయేదాకా చేతులు కడుక్కున్నాను. పానాలు సంచిలో వేసుకున్నాను. "పోయొస్త కాకా" అని మాత్రం అని, ఆయన ముఖం చూడకుండా గేటు దాటి వచ్చేశాను.