చిటికెడు మేత

అక్వేరియాలు చూసుకునే ఆ మనిషి నీళ్లు తిప్పే కొత్త పంపు పెట్టిన ప్రతిసారీ నీళ్లలో చిటికెడు మేత వదులుతాడు. అది ఎటు కొట్టుకుపోతుందో, ఏ మూలన ఆగిపోతుందో అద్దానికి ముక్కు ఆనించి చూస్తాడు. ఉప్పునీళ్లలో నాని నాని అతని వేళ్లు ఎప్పుడూ పగిలే ఉంటాయి. “పగడాలూ ప్రాణులేనండీ, నడిచెళ్లి తినలేవు కదా, నీళ్లే తెచ్చి పెట్టాలి” అంటాడు. ఒక ఆఫీసు హాల్లోని తొట్టెకు మూడు రోజులు తంటాలుపడి రెండు పంపులు ఎదురెదురుగా అమర్చాడు. పగడాలు హాయిగా ఊగాయి. “ఏంటయ్యా ఈ గోల? మీటింగులో మాట వినబడట్లేదు. ఒకటి తీసెయ్” అన్నాడు మేనేజరు. “తీస్తే చచ్చిపోతాయండీ.” “చెప్పింది చెయ్యి.” తీశాడు. నెల తిరక్కుండానే పగడాలన్నీ తెల్లగా పాలిపోయి చచ్చాయి. నీకు పని రాదంటూ మేనేజరు నలుగురిలో దులిపేసి, ప్లాస్టిక్ పగడాలు తెప్పించి, అతనిచేతే అతికించాడు. “చూశావా, ఇప్పుడెంత కళగా ఉందో!” అతని చెయ్యి అలవాటుగా చిటికెడు మేత వదిలింది. “ప్లాస్టిక్‌కి మేతేంటయ్యా!” మేనేజరు హాలంతా వినబడేలా నవ్వాడు. “నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తున్నానండీ” అన్నాడతను, అద్దం మీంచి ముక్కు తీయకుండానే.