సూరిగాడు పట్టుకున్న తాడు

నిన్న పొద్దున్నే గ్రూపులో మెసేజ్. "కో సూరి ఇక లేరు."

నమ్మలేదు. బర్మాలోని మా లమ్మడా పేటలో ఇలాంటి దిక్కుమాలిన జోకులు వేసేది నేనొక్కడినే. ఇది నేను వెయ్యలేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. మూడో అంతస్తులోని వాడి బాల్కనీ నుంచి వీధిలోకి వేలాడే గంట తాడు లాగాను. పైన గంట మోగింది.

రోజూ అయితే "ఏటిరా యెదవా" అని తిట్టు పడేది.

నిన్న పడలేదు.

ముందు రాత్రి నిద్రలోనే పోయాడట.

వీధికి కో సూరి, అంటే సూరన్న. నాకు సూరిగాడు. వాడి గురించి ఒక్కటే చెప్తాను.

ఆమధ్య మాండలేలో మా అక్కకి గుండె ఆపరేషన్ అన్నారు. డాక్టర్ వీడియో కాల్‌లో స్కాన్ చూపిస్తానన్నాడు. నేను సరే అంటేనే సంతకం పెడతానని అక్క మొండికేసింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయి వచ్చింది. ఫ్యాన్ తిరుగుతోంది, రౌటర్ మాత్రం చచ్చింది. ఫోన్ డేటాతో బొమ్మ కదలదు.

సూరిగాడు వచ్చి అడాప్టర్ వాసన చూశాడు. కాలిపోయిందన్నాడు. వాళ్లింటి బ్యాటరీ తెచ్చి తగిలించాడు. రౌటర్ లైట్లు వెలిగాయి.

ఒకటి మాత్రం ఎర్రగా కొట్టుకుంటోంది. కేబుల్‌లో తేడా.

ఇంతలో మా గంట మోగింది. కింద చేపలావిడ. గంట మోగినప్పుడల్లా ఆ లైటు ఆరి వెలుగుతోంది.

వాడు బాల్కనీలోకెళ్లి చూసి నెత్తి కొట్టుకున్నాడు. మా గంట తాడు తెగిందని మా ఆవిడ వేలాడుతున్న నెట్ కేబుల్‌కే గంట కట్టేసింది. నల్ల తాడు ఖాళీగానే ఉంది కదా అనుకుందట.

విప్పే టైం లేదు. కేబుల్‌ని పైకెత్తి, ఒక వాలులో పట్టుకున్నాడు. ఎర్ర లైటు ఆరింది. కాల్ కలిసింది.

డాక్టర్ మాట్లాడినంతసేపూ వాడు చెయ్యి దించలేదు. నేను స్కాన్ చూడాలా, వణుకుతున్న వాడి మోచెయ్యి చూడాలా?

కింద చేపలావిడ గంట లాగడానికి మళ్లీ చెయ్యి చాపింది.

"లాగీకే! మా అక్క పేణం దానిమీదుంది," అని అరిచాడు సూరిగాడు.

ఆ బర్మా మనిషికి తెలుగు ముక్క రాదు. అయినా చెయ్యి తీసేసింది.

నేను సరే అన్నాను. అక్క సంతకం పెట్టింది. బతికింది.

థాంక్స్ చెప్పబోతే, ముందు పెళ్లానికి ఓ తాడు కొనిపెట్టమన్నాడు.

నిన్న అక్క ఫోన్ చేసింది. నాకు ఏడుపొచ్చేసింది. నెట్ కట్ అవుతోందని అబద్ధమాడి పెట్టేశాను.

ఒరే సూరీ, ఇక చెయ్యి దించరా.

కేబుల్ మేం పట్టుకుంటాం. నువ్వు హాయిగా పడుకో.