సబిత బతుకమ్మను సెల్లార్‌లో పెట్టించారు

మా హఫీజ్‌పేట్ అపార్ట్‌మెంట్ సెక్రటరీ పద్మావతి ఆంటీ ఈ సాయంత్రం సబిత పేర్చిన బతుకమ్మను అందరి మధ్యలోంచి తీయించి సెల్లార్‌లో పెట్టించింది. సబిత మా మెట్లు కడిగే మనిషి. ఒడిశా నుంచి వచ్చి నాలుగు నెలలైంది. పొద్దున్నే రైలు పట్టాల పక్కన తిరిగి తంగేడు పూలు కోసుకొచ్చి, మా అమ్మ దగ్గర నేర్చుకుని పేర్చింది.

"ఇది ఓనర్ల పండగమ్మా, పనివాళ్లని కిందే ఆడుకోమను" అంది ఆంటీ.

"విజయవాడ నుంచి వచ్చిన కొత్తల మీకు పేర్చుడు నేర్పింది గూడ మా అమ్మనే గద ఆంటీ? అప్పుడు మీరు కిరాయికే ఉన్నరు గద?" అన్నాను.

"నాకూ దానికీ పోలికేంటి?" అని పాట అందుకుంది. అందరూ సిగ్గులేకుండా చప్పట్లు కొట్టారు. సబిత ఒక్కతే కింద బైకుల మధ్య తన బతుకమ్మ చుట్టూ తిరిగింది.

మెట్లకు ఆమె చెయ్యి కావాలి, పండక్కి మాత్రం పనికిరాదట! గేటుకు "అందరికీ స్వాగతం" అని ఫ్లెక్సీ కట్టించింది కూడా ఈ ఆంటీయే. నేను దాన్ని చింపబోతే అమ్మ ఆపింది.

మీరైతే ఊరుకునేవారా? చెప్పండి. రేపు సాయంత్రం ఆరింటికి ఆ ఫ్లెక్సీ కిందికే బతుకమ్మలతో రండి. నడుమ సబితదే ఉంటుంది. ఆంటీ కూడా రావచ్చు, మేం ఓనర్ కాగితాలు అడగం.