అక్క గొంతు దాచిన పెట్టె

మా అక్కకు గొంతు ఆపరేషన్ జరిగే ముందు ఆమె పాటను మా కోడలు కంప్యూటర్లో దాచింది. ఆపరేషన్ తర్వాత ఇక మాట రాదని డాక్టర్లు ముందే చెప్పారు. కల్లూరులో మా ఇంటి ముందుగదిలో కోడలు పెళ్లి పత్రికలు, దరఖాస్తులు టైపు చేసేది. ఆ గదిలోనే అక్క మైకు చేత్తో పట్టుకుని కలుపు పాట పాడింది. వేరే చప్పుడు పడకూడదని కోడలు చెప్పడంతో నేను గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టి విన్నాను. పాడింది తిరిగి వినే తీరిక లేకుండానే ఆసుపత్రికి బయలుదేరాం. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అక్క వద్దని చేయి ఊపేది. ఆమె వినని పాటను మేమూ వినలేదు.

వానలు వచ్చి పోయాయి. దసరాకు అక్క రాయచోటిలో బస్సెక్కి తానే వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ముందు గొంతును ముట్టుకుంది. తర్వాత చెవిని ముట్టుకుని ముందుగది వైపు వేలు చూపింది.

ఆ రోజు ఆయుధపూజ. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు మళ్లీ ముట్టుకోరు మా ఇళ్లలో. కొడవలైనా, కుట్టుమిషనైనా ఏడాదికొక దినం కూర్చోవాలి. పొద్దున్నే కోడలూ నేనూ కంప్యూటర్‌కు గంధం, కుంకుమ పెట్టి బంతిపూల దండ వేశాం. పని చేసే చెయ్యి అదే కదా అని మౌసుకు ఇంకాస్త నిండుగా పెట్టాం. అక్క ఆ దండను చూసి తల ఊపింది. చాప పరుచుకుని, ఆర్పేసి ఉన్న ఆ తెర ముందు సాయంత్రం దాకా కూర్చుంది, తలుపు తీయని ఇంటి ముందు చుట్టం కూర్చున్నట్టు.

నాకు అక్క గొంతు అంటే శనక్కాయ చేను. ఆమె ముందు సాలులో వంగి ఒక మాట ఎత్తుకునేది, వెనక సాళ్లలో ఉన్న మేమంతా అందుకునేవాళ్లం. ఎత్తుకునే ముందు ఆమెకు నీళ్లు కావాలి. చెంబు తెచ్చేది ఎప్పుడూ నేనే, చెల్లెల్ని కాబట్టి. మాకు అప్పట్లో అక్షరం రాదు. ఆ పాట ఆమె నోట్లో తప్ప ఇంకెక్కడా లేదు.

మరునాడు పొద్దున కోడలు కంప్యూటర్ పెట్టింది. తెర మీద పచ్చటి గుట్ట, దాని మీద తెల్లటి మబ్బులు. మా వైపు గుట్టలు ఎప్పుడూ అంత పచ్చగా ఉండవు. ఇది యాడిది అన్నట్టు అక్క చేయి తిప్పింది.

"మన సీమది కాదులేక్కా, ఈడైతే మేకలు ఎప్పుడో మేసిపోయింటాయి" అంది పక్కింటామె. పాట వినడానికి ఆమె కూడా వచ్చి గడప మీద కూర్చుంది.

"పెద్దత్తా, ఇదే నీ పాట" అని కోడలు ఒక పేరు చూపింది. అది ఇంగ్లీషులో ఉంది. నేను పెద్దతనంలో నేర్చుకున్నవి తెలుగు అక్షరాలే. అయినా ఆ పేరును ఆకారం చూసి గుర్తుపెట్టుకున్నాను, చదువు రాని రోజుల్లో బస్సు బోర్డును గుర్తుపెట్టుకున్నట్టు.

కోడలు టకటకమని రెండుసార్లు నొక్కింది. పేరు నీలంగా మారింది, అంతే. మళ్లీ నొక్కింది. ఈసారి పేరు చుట్టూ చిన్న డబ్బా గీసుకుని, లోపల సన్నటి గీత ఒకటి మినుకుమంటూ నిలబడింది.

"ఏమైందే?" అన్నాను.

"తెరుసుకోల్యాదత్తా. ఉండు."

"లోపల గడియేసుకోనుండాదేమో" అంది పక్కింటామె. "మీ అక్క పాట గదా, మొండిది."

అక్క భుజాలు కదిలాయి. ఆమె నవ్వు ఇప్పుడు అలాగే ఉంటుంది.

కోడలు కంప్యూటర్‌ను ఆర్పి మళ్లీ పెట్టింది. మళ్లీ పచ్చటి గుట్ట, మళ్లీ నీలం. "ఫైలు పాడైపోయిందేమో" అన్న మాట ఆమె నోటి నుంచి జారింది. అక్క చేయి గొంతు దగ్గర కట్టుకున్న చిన్న గుడ్డ మీదికి వెళ్లి అక్కడే ఆగింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. చిన్నప్పుడు ఎండాకాలం బావిలోకి తొంగిచూసి, నీళ్లు ఎక్కడికి పోయాయని అక్కను అడిగేదాన్ని. కింద ఉండాయి, నిద్రపోతాండాయి అనేది. ఆ పెట్టె ముందు నాకు అదే మాట గుర్తొచ్చింది.

"ఉండండి, ఏరేది తెరిసి సూస్తా" అంది కోడలు. ఎవరిదో పెళ్లి పత్రిక మీద నొక్కింది. అదీ తెరుచుకోలేదు. ఇంకొకటి, అదీ లేదు. ఆమె ముఖంలోకి కళ తిరిగి వచ్చింది.

"పెద్దత్తా, ఏదీ తెరుసుకోల్యాదు. అంటే నీ పాటకేం కాలా. తప్పు తెరిసే కాడ ఉండాది."

మౌసును పైకెత్తి చెవి దగ్గర పెట్టుకుని నొక్కింది. కుడివైపు మీట టిక్కుమంది. ఎడమవైపుది దిగి, నిద్రలేచినట్టు మెల్లగా పైకొచ్చింది. ఆ సందులో గంధం పసుపు గీతలా ఎండి ఉంది.

"మన గంధమేనత్తా. ఇది లేసేలోపల నేను రెండోసారి నొక్కేస్తాండా. దానికి అందడంల్యా."

"నిన్న కూసోమంటిరి గదా" అంది పక్కింటామె. "పాపం, లెమ్మని సెప్పల్యా మీరు. ఇంకా కూసోనుండాది."

కోడలు తడిగుడ్డ కోసం లేవబోతే అక్క ఆమె మణికట్టు పట్టుకుంది. ఇక ఆగలేనని ఆ పట్టులోనే తెలిసింది. కోడలు మళ్లీ పాట పేరు దగ్గరికి వచ్చి దాని మీద ఒక్కసారే నొక్కింది.

"సరే, దీంతో పనిల్యా. పేరు మీద నీలం ఉండాది సూడు. ఇంగ ఎంటర్ నొక్కితే సాలు. నువ్వే నొక్కు పెద్దత్తా."

కోడలు చూపిన మీట మీద అక్క వేలు పెట్టింది. కాసేపు అలాగే ఉంచి నొక్కింది.

ముందు గాలి చప్పుడు వచ్చింది. దూరంగా ఆటో హారను. ఆ తర్వాత అక్క.

"పాడాల్నా పిల్లా? ఉండు. ఏమే, గోడకానుకోని సూస్తాండావు, నీళ్లు తేపో. గొంతు ఎండిపోతాండాది."

నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. వంటింట్లో కుండలో చెంబు ముంచుతుంటే తెలిసింది. తిరిగి వచ్చేసరికి పాట మొదలైంది. చెంబు అక్కకిచ్చాను. ఆమె తాగింది. గొంతు మీది గుడ్డ మెల్లగా కదిలింది.

పెట్టెలో అక్క ఒక చరణం ఎత్తుకుని ఆగింది. వెనక సాలువాళ్లు అందుకోవడానికి వదిలే సందు అది. ఆ రోజు చప్పుడు చేయకూడదని ఎవరం అందుకోలేదు. ఆ సందులో ఫ్యాను గాలి ఒక్కటే ఉంది. అక్క నా వైపు తిరిగి చూసింది.

తర్వాతి సందు వచ్చినప్పుడు నేను అందుకున్నాను. నా గొంతు అంత మంచిది కాదు. అక్క పెదాలు నాతో పాటే కదిలాయి.