సర్వర్ డౌన్ అనని రోజు

బహదూర్‌పురాలోని ఒక ఆసుపత్రిలో ల్యాబ్ రిపోర్టులను వార్డులకు పంపే సర్వర్ నా బాధ్యత. నిరుడు ఒక ఉదయం డిస్క్ నిండి రిపోర్టులు ఆగిపోయాయి. ఖాళీ చేసే తొందరలో పాత ఫైళ్లతో పాటు, ఇంకా వార్డులకు వెళ్లని రిపోర్టులనూ చెరిపేశాను.

"భాయ్, రిపోర్ట్ లేక మా తమ్ముని ఆపరేషన్ ఆగింది. ఏమైంది?" అంటూ ఒకాయన పరుగున వచ్చాడు.

ఏది చెడినా "సర్వర్ డౌన్" అనడం నాకు అలవాటు. ఈసారీ అలాగే అంటే, ల్యాబ్‌వాళ్లు కూడా సర్వర్ బాగయ్యేదాకా ఊరికే ఎదురుచూస్తూ కూర్చుంటారు.

"తప్పు నాదే అన్నా, నేనే చెరిపేసిన," అని, ల్యాబ్‌కు వెళ్లి అదే చెప్పాను.

"అరే, ఇయ్యాల సర్వర్ తప్పేం లేదా?" అని నవ్వుతూనే ల్యాబ్ టెక్నీషియన్ షాహీన్ ఆపా టెస్టు మెషిన్ నుంచి ఫలితాలను మళ్లీ పంపింది.

ఆపరేషన్ జరిగింది. తర్వాత చాలా ఎర్రర్లు సరిచేశాను గానీ, గర్వంగా తలుచుకునేది మాత్రం "తప్పు నాదే" అన్న ఆ ఒక్క మాటనే.