కుడి ఇరుసులో తోలు సీలు

పదవీ విరమణకు ఆరేళ్ల ముందు, మార్చి నెలాఖరులో, నన్ను అనంతపురంలోని మా శాఖ వర్క్‌షాపుకు మెకానికల్ అసిస్టెంట్ ఇంజనీరుగా బదిలీ చేశారు. పల్లెలకు తాగునీరు అందించే శాఖ మాది. బోరు యంత్రాలు, కంప్రెసర్లు, నీళ్ల ట్యాంకర్లు నడిచే స్థితిలో ఉంచడం వర్క్‌షాపు పని. డిప్లొమా చదివి వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరిన నాకు ఆ కుర్చీలోకి రావడానికి ఇరవై ఆరేళ్లు పట్టింది. మరమ్మతయిన ఏ బండి గేటు దాటాలన్నా ఫిట్‌నెస్ కాగితం మీద నా సంతకం ఉండాలి. ఆ సంతకం చేయడానికి నేను భయపడిన సందర్భం ఒక్కటే. దాని గురించే ఇక్కడ రాస్తున్నాను.

వర్క్‌షాపులో అన్నిటికంటే పాత బండి, మిలిటరీ వాళ్లు వేలం వేస్తే కొన్న ఫోర్ వీల్ డ్రైవ్ లారీ. మామూలు లారీలో ఇంజను బలం వెనక చక్రాలకే అందుతుంది. ఈ బండిలో ముందు చక్రాలు కూడా లాగుతాయి. దాని వెనక నీళ్ల ట్యాంకు బిగించి, కుందుర్పి అవతల గుట్టల నడుమ ఉన్న ఒక పల్లెకు నీళ్లు తోలేవాళ్లం. ఆ దారిలో ముందు ఇసుక నిండిన వాగు, మా వైపు వంక అంటాం, దాటాలి. తరువాత రాళ్ల గుట్ట ఎక్కి, నిండు ట్యాంకుతో అవతలి వాలులోకి దిగాలి. వేరే ట్యాంకర్లు వంకలోనే దిగబడిపోయేవి. ఆ ఏడు పల్లెలోని రెండు బోర్లూ ఎండిపోయాయి. ఈ లారీ తప్ప వాళ్లకు వేరే దారి లేదు.

ఏప్రిల్ రెండో వారంలో డ్రైవరు ఖాజా వచ్చి, బ్రేకు తొక్కితే బండి కుడికి గుంజుతోందని చెప్పాడు. "ఎడమ ముందు చక్రం పట్టడంల్యా మేడం. నిన్న దిగేటప్పుడు అంచు దాకా పోయినా. లోపల ఆయిల్ కారతాండాది," అన్నాడు. ఖాజా పెంచి చెప్పే మనిషి కాదు. అప్పటికప్పుడు బండిని ఆపేశాను.

ఇక్కడ కొంచెం వివరించాలి. ముందు ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది. బలాన్ని రెండు చక్రాలకు పంచే పళ్ల చక్రాల పెట్టె అది. దాని నిండా చిక్కటి నూనె ఉంటుంది. అక్కడి నుంచి రెండు వైపులా గొట్టాల్లో ఇరుసు కడ్డీలు చక్రాల దాకా పోతాయి. ఆ నూనె కడ్డీ వెంట బయటికి రాకుండా గొట్టం చివర ఒక సీలు ఉంటుంది. ఇనుప గిన్నె, దానిలో రబ్బరు పెదవి, పెదవిని కడ్డీకి అదిమి పట్టే సన్నని స్ప్రింగు, అంతే. అరచేతిలో పట్టే వస్తువు. అది పాడైతే నూనె చక్రం నడుమ ఉండే హబ్బు దాటి బ్రేకు డ్రమ్ములోకి చేరుతుంది. నూనె తాగిన బ్రేకు పట్టదు. ఒక పక్క పట్టి ఇంకో పక్క పట్టకపోతే బండి పక్కకు తిరుగుతుంది. గుట్ట వాలులో, నిండు ట్యాంకుతో, దాని అర్థం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఫిట్టరు నరసింహులుది నా వయసే. చక్రం, డ్రమ్ము, హబ్బు విప్పి కడ్డీ బయటికి లాగాడు. ఎడమ సీలు రబ్బరు పెంకులాగా గట్టిపడి పగిలిపోయి ఉంది. మైక్రోమీటరుతో కడ్డీని మూడుచోట్ల కొలిచి, పరిమితిలోనే ఉందని రిజిస్టరులో రాశాను. కొత్త సీలు కోసం అనంతపురం దుకాణాలన్నీ తిరిగాం. బెంగళూరుకు ఫోన్లు చేశాం. ఆ సైజు ఇప్పుడు రావడం లేదనీ, చేయించాలంటే ఆరు వారాలు పడుతుందనీ చెప్పారు. చేయించమని ఆర్డరు పెట్టాం. పై అధికారికి చెప్పాను. స్థానికంగా ఏదైనా చేసుకోగలిగితే చేసుకోమనీ, అయితే బాధ్యత సంతకం చేసినవాళ్లదేననీ ఆయన అన్నారు. అందులో తప్పేమీ లేదు, అది నియమమే.

ఈలోగా పల్లెకు ట్రాక్టరుతో వంక దాకా నీళ్లు పంపుతున్నాం. అక్కడి నుంచి ఆడవాళ్లు బిందెలతో గుట్ట ఎక్కి దిగుతున్నారు.

ఒక పక్క సీలు మారిస్తే రెండో పక్కా విప్పి చూడాలన్నది నా పద్ధతి. ఇక్కడ అంతకుముందు అలా చేసేవాళ్లు కాదు. కుడి పక్క కూడా అలాగే ఉంటుందనుకున్నాను. నరసింహులు కడ్డీ లాగి, టార్చి వేసి లోపలికి చూసి, వేలు పెట్టి తడిమాడు.

"మేడం, ఇది రబ్బరు కాదు. తోలు," అన్నాడు.

గొట్టం లోపల పొడిగా ఉంది. సీలు తీసి చూశాను. ఇనుప గిన్నె కంపెనీదే. దానిలోని రబ్బరు తీసేసి, గిన్నె ఆకారంలో వంచిన తోలు కూర్చి, పాత స్ప్రింగునే చుట్టారు. అది చూడగానే నాకు కోపం వచ్చింది. ఇలాంటి అతుకుల పని మన వర్క్‌షాపులో ఎవరు చేశారు, తీసి పారెయ్యి అన్నాను. నరసింహులు పారేయలేదు. కిరోసిన్‌తో కడిగి, తుడిచి, కడ్డీతో పాటు నా బల్ల మీద పెట్టాడు. "ఒకసారి కడ్డీ చూడండి మేడం," అన్నాడు. తోలు ఆనిన చోట ఇనుము అద్దంలాగా మెరుస్తోంది. గీత కూడా లేదు.

బండి చరిత్ర రాసే లాగ్ బుక్కు తెప్పించాను. కుడి ఇరుసును చివరిసారి విప్పి పంతొమ్మిదేళ్లయింది. అప్పటి ఫోర్‌మన్ చేతిరాతలో ఒకే వాక్యం ఉంది: కుడి సీలు దొరకనందున బెళుగుప్ప ఓబులేసు చేత తోలుతో చేయించి వేయడమైనది. పంతొమ్మిదేళ్లుగా ఆ బండి ఇసుకలో, రాళ్లలో, నలభై డిగ్రీల ఎండలో తిరిగింది. కంపెనీ రబ్బరు సీళ్లు ఎడమ పక్క ఆ కాలంలో నాలుగుసార్లు మారాయి. లాగ్ బుక్కులో ఆ నాలుగు నమోదులూ వేలు పెట్టి లెక్కపెట్టాను. కుడి పక్క ఒక్క నమోదూ లేదు. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

మరునాడు రెండు కడ్డీలూ గోనెసంచిలో చుట్టుకుని నరసింహులూ నేనూ బెళుగుప్ప పోయాం. ఓబులేసు బతికే ఉన్నాడు. ఎనభై దాటాయి. కళ్లకు పొర వచ్చి, ఎదుటి మనిషి ఆకారం తప్ప మొహం ఆనదు. వయసులో ఉన్నప్పుడు కపిల బానలు కుట్టేవాడు. ఎద్దులతో బావిలోంచి నీళ్లు తోడే తోలు సంచులవి. మోటార్లు వచ్చి కపిలలు పోయాక, చేతిపంపుల లోపల ఉండే తోలు వాషర్లు చేశాడు. పల్లెల్లో పంపులు కూడా పోయాక ఊరుకున్నాడు.

పాత సీలు ఆయన చేతిలో పెట్టాం. బొటనవేలితో అంచు చుట్టూ ఒకసారి తడిమాడు. అంచున ఒకచోట చిన్న గంటు ఉంది. వేలు అక్కడ ఆగింది.

"ఇది నా చేతిదే. ఏ ఊరి పంపుది?" అన్నాడు.

"పంపుది కాదు పెద్దాయనా, లారీ ఇరుసుది," అన్నాడు నరసింహులు.

"అవునవును. ఒక ఫోర్‌మన్ కడ్డీ సుట్టుకోని వచ్చినాడు. ఆ బండి ఇంకా ఉండాదా?" కొంచెం ఆగి అడిగాడు: "కారిందా?"

"లేదు," అన్నాను.

"ఒక్క చుక్క గూడా?"

"లేదు."

ఆయన తల ఊపి, సీలును మళ్లీ తడమడం మొదలుపెట్టాడు. ఈసారి చాలా నెమ్మదిగా. "నేను చేసిందేదీ మళ్లీ నా చేతికి రాల్యా తల్లీ. బానలు బావిలో పోయె, వాషర్లు పంపులో పోయె. యాడ అరిగిందో, యాడ అరగలేదో ఎవురూ తెచ్చి చూపించలేదు," అన్నాడు. తరువాత, పై భాగం కంటే కింది భాగం కొంచెం ఎక్కువ అరిగిందనీ, కడ్డీ బరువు కిందికి దిగుతుంది కాబట్టి ఈసారి కింద మందం ఉంచాలనీ చెప్పాడు. నేను వెర్నియరుతో కొలిచాను. ఆయన చెప్పిన తేడా ఉంది. వెంట్రుక మందం.

ఎడమ కడ్డీ ఇమ్మన్నాడు. ఒళ్లో పెట్టుకుని గోరు ఆనించి నిలువునా లాగాడు. ఒకచోట గోరు ఆగింది.

"ఈడ వాత పడిండాది చూడమ్మా. రబ్బరులో ఇసుక ఇరుక్కోని కోసింది. మీరు కొత్తది తెచ్చి ఏసినా పెదవి పోయి ఇదే గాడిలో కూసుంటాది. నెల బాగుంటాది, మళ్లా కారతాది. పెదవి ఈడ పడకూడదు. జొన్నగింజంత లోపక్కకు పడల్ల."

నేను మూడుచోట్ల కొలిచి, పరిమితిలోనే ఉందని రాసిన కడ్డీ అది. ఆ మూడు చోట్లలో ఆ గాడి లేదు. బెంగళూరు నుంచి సీలు వచ్చి ఉంటే దాన్ని అదే గాడి మీద కూర్చోబెట్టి, సంతకం చేసి, ఖాజాను గుట్ట మీదికి పంపేదాన్ని. ఎడమ పక్క నాలుగుసార్లు సీలు ఎందుకు మారిందో అప్పుడు అర్థమైంది.

పనికి నాలుగు రోజులు పట్టింది. రోజూ పోయి చూశాను. బర్రె తోలులో వీపు భాగం ఏరుకున్నాడు. పొట్ట భాగం సాగుతుందట. నానబెట్టి, కొయ్య అచ్చులో పెట్టి, బోల్టు బిగించి, నీడలో ఆరనిచ్చాడు. తరువాత ఆముదంలో తేనె మైనం కరిగించి తోలుకు పట్టించాడు. కత్తి ఆయన చేతిలో ఎక్కడా తడబడలేదు. మొదట చేసిన జత నా కళ్లకు బాగానే ఉంది. ఒకదాన్ని బొటనవేలి గోరుతో చుట్టూ నొక్కి చూసి, "ఈడ పలచన," అని పక్కన పడేశాడు. నేనూ నొక్కి చూశాను. నాకు ఏమీ తెలియలేదు. దాని బదులు ఇంకొకటి చేసి, రెండిటినీ పాత ఇనుప గిన్నెల్లో కూర్చి స్ప్రింగులు చుట్టాడు. ఇచ్చేటప్పుడు, "గంటు పైకి రావల్ల. మరిస్తిరంటే మందం తలకిందులైపోతాది," అని రెండుసార్లు చెప్పాడు. పాత సీలులోంచి తీసిన తోలు మాత్రం తిరిగి ఇవ్వలేదు, తన దగ్గరే పెట్టుకున్నాడు.

సీళ్లను నూనెలో నానబెట్టి, సరైన కొలత గొట్టాన్ని ఆనించి, నరసింహులు చెక్క సుత్తితో మెల్లగా కూర్చోబెట్టాడు, ఎడమదాన్ని ఓబులేసు చెప్పినట్టు జొన్నగింజంత లోపక్కకు. ఇరుసు మీద గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. అది మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి మంచి సీలు కూడా కారుతుంది. దాన్ని శుభ్రం చేశాం. బ్రేకు లైనింగులు రెండు పక్కలా కొత్తవి వేశాం. నేను కాగితం మీద సంతకం చేసి, ఆ కాగితం పట్టుకుని ఖాజా పక్కన ఎక్కి కూర్చున్నాను. దిగమని ఖాజా చెప్పాడు. నేను దిగలేదు.

వంకలో ముందు చక్రాలు ఇసుకను పట్టి లాగాయి. గుట్ట నడినెత్తిన ఖాజా బండి ఆపి, నా వైపు చూసి, గేరు మార్చి వాలులోకి దించాడు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ నా చేయి తలుపు గొళ్లెం మీదికి పోయింది. బండి మాత్రం గీత గీసినట్టు తిన్నగా దిగింది. కింద ఆగగానే దిగి, రెండు ముందు డ్రమ్ములకూ చేతి వెనుక భాగం దగ్గరగా పెట్టి చూశాను. రెండు పక్కలా వేడి ఒకేలా ఉంది. రెండు బ్రేకులూ సమానంగా పనిచేశాయనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

బిందె పట్టుకుని మొదట వచ్చిన ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఇన్నాళ్లు యాడ పోయింటిరి?" అంది. సమాధానం కోసం ఆగలేదు. కొళాయి తిప్పుకుంది.

పది రోజులకు ఎడమ హబ్బు మళ్లీ విప్పించాను. నరసింహులు తెల్లగుడ్డతో గొట్టం అంచు చుట్టూ తుడిచి నాకు చూపించాడు. గుడ్డ తెల్లగానే ఉంది. ఆ మాట చెప్పడానికి బెళుగుప్ప పోతే, ఓబులేసు విని, "పది దినాలు ఏం లెక్క? పదేండ్లకు వచ్చి చెప్పండి," అన్నాడు.

పదేళ్లు ఆగే అవకాశం రాలేదు. నేను రిటైరయ్యే ఏడాది ఆ పల్లెకు పైపులైను వచ్చింది, బండి ఇక పనికిరాదని కండెమ్ చేశారు. వేలానికి ముందు రెండు పక్కలా విప్పి చూశాం. రెండూ పొడిగానే ఉన్నాయి. ఆరు వారాలకు వచ్చిన కంపెనీ సీళ్లు స్టోర్సులో అట్టపెట్టెలోనే ఉండిపోయాయి.

ఈ వృత్తిలోకి వచ్చే వాళ్లకు నేను చెప్పేది ఇంతే. భాగం పాడైందంటే దాన్ని మార్చే ముందు, అది ఆనిన చోటును చూడండి. కొలమానం మనం పెట్టిన చోటే కొలుస్తుంది. ఎక్కడ పెట్టాలో దానికి తెలియదు, ఆ రోజు నాకూ తెలియలేదు. రిజిస్టరులో నేను రాసిన ఆ తప్పు నమోదును కొట్టేసి, పక్కన సరైనది రాసి, చెప్పినవారి పేరు చోట ఓబులేసు అని రాశాను. హోదా రాయాల్సిన గడిలో ఏమి రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.