టీకాల పిక్చరుకు నా సమీక్ష

సినిమా సమీక్షకుడికి ఉండాల్సిన మొదటి లక్షణం సినిమా చూడకపోవడం. చూస్తే అభిప్రాయం ఏర్పడుతుంది. అభిప్రాయం ఏర్పడితే రాయడం ఆలస్యమవుతుంది. పందొమ్మిది వందల యాభైల్లో పాతబస్తీలో నేను వారానికి రెండు చిన్న పిక్చర్లకు సమీక్షలు రాసేవాణ్ని. ఒక్కటి కూడా చూసిన పాపాన పోలేదు.

చిన్న పిక్చరంటే ఇప్పటివాళ్లకు తెలియదు. అసలు సినిమాకు ముందు పది నిమిషాల సర్కారు బొమ్మ ఒకటి వేసి తీరాలని ఆ రోజుల్లో రూలు. ఆనకట్టలు, ఎరువులు, దోమల మందు, పొదుపు. జనానికి హితబోధ చేస్తే చాలు దేశం బాగుపడిపోతుందని ఎక్కడో ఒక బుద్ధిమంతుడికి తోచింది. జనం ఆ పది నిమిషాలూ బయట బీడీలు కాల్చుకుని, సమోసాలు తిని, అసలు సినిమా పేరు పడుతుండగా లోపలికి వచ్చేవారు. చార్మినార్ దగ్గర మా టాకీసులో ఈ చిన్న పిక్చర్లకు ప్రచారం చేయడం నా ఉద్యోగం. జట్కాకు రెండు పక్కలా బోర్డులు కట్టించి, డప్పు కొట్టేవాణ్ని ముందు కూర్చోబెట్టి, యాకుత్‌పురా దాకా తిరిగి కాగితాలు పంచేవాణ్ని. మధ్యాహ్నం పత్తర్‌గట్టిలో ఒక తెలుగు వారపత్రిక ఆఫీసుకు వెళ్లి, మారుపేరుతో అవే పిక్చర్లకు సమీక్షలు రాసేవాణ్ని. డప్పు కొట్టించేదీ నేనే, ఆహా అనేదీ నేనే. ఆ సంగతి ఎడిటరుకు తెలుసు, మా మేనేజరుకు తెలుసు. ముగ్గురిలో ఒక్కడికీ సిగ్గు లేదు.

రాసే పద్ధతి చాలా సులువు. రీలు డబ్బాతోపాటు ఒక అచ్చు కాగితం వచ్చేది, బొమ్మలో ఏముందో నాలుగు ముక్కల్లో ఇంగ్లీషులో. దాన్ని ఇరానీ హోటల్లో చాయ్ పక్కన పెట్టుకుని తెలుగు చేసి, మధ్యమధ్య ‘కన్నుల పండువ’, ‘హృదయాలను తాకింది’ అని తాలింపు వేస్తే సమీక్ష తయారు. శుక్రవారం పిక్చరు వచ్చేసరికి నా సమీక్ష అచ్చై బజారులో ఉండేది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మా బాపు గుళ్లో అర్చకుడు. ఒకసారి ఈ సంగతి తెలిసి తిట్టిపోశాడు. “మనం మాత్రం దేవుణ్ని చూసే పొగుడుతున్నమా బాపూ” అన్నాను. చెంప పగిలింది. తగిన శాస్తే.

మా టాకీసులో ఆడవాళ్లకు జనానా అని వేరే భాగం ఉండేది. హాలు వెనకభాగంలో, కాస్త ఎత్తున, పక్క సందులోంచి వేరే మెట్లు. దాని ముందు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మందపాటి పరదా. హాల్లో దీపాలు వెలుగుతున్నంతసేపూ పరదా మూసి ఉండాలి. అసలు సినిమాకు దీపాలన్నీ ఆర్పేశాకే తీయాలి. ఇంటర్వెల్ దీపాలు వెలిగే లోపే మళ్లీ వేయాలి. పొరపాటున కూడా మగవాళ్ల కళ్లు జనానా మీద పడకూడదు. ఆ తాడు లాగే ముసలామెను అందరం ఆయమ్మ అనేవాళ్లం. క్రైస్తవురాలు, మొగుడు పోయిన మనిషి, ఎన్నో ఏళ్లుగా ఆ తాడు దగ్గరే స్టూలు వేసుకుని కూర్చునేది.

ఇక్కడే ఉంది మా తెలివంతా. చిన్న పిక్చరు నడిచేటప్పుడు హాల్లో దీపాలు ఆర్పేవారు కాదు. జనం ఇంకా వస్తూ ఉంటారు, చీకట్లో ఒకరి మీద ఒకరు పడతారు, సోడాలు అమ్ముడుపోవు. దీపాలు ఆర్పరు కాబట్టి పరదా తీయరు. అంటే జనానాలో కూర్చున్న ఆడవాళ్లు ఏనాడూ ఒక్క చిన్న పిక్చరు కూడా చూడలేదు. పరదా వెనక గొంతు విన్నారంతే. ఏళ్ల తరబడి ఇలాగే నడిచింది. ఇందులో వింత ఏదైనా ఉందని నాతో సహా ఏ గాడిదకూ తోచలేదు.

ఒక వేసవిలో మశూచి టీకాల మీద పిక్చరు వచ్చింది. మా పట్నం గల్లీల్లోనే తీసింది. పరదా ఇళ్లలోకి మగవాళ్లు వెళ్లలేరు కనుక టీకాలు వేసే ఆడపిల్లలు ఇల్లిల్లూ తిరగడం అందులో విషయం. కాగితం మీద ‘ముఖ్యంగా స్త్రీల కోసం’ అని ఉంది. ఇంకేం, కలం పూనకం వచ్చినట్టు ఊగింది. ‘జనానాలోని సోదరీమణులు కన్నార్పకుండా తిలకించి, కన్నీటితో హర్షం ప్రకటించారు’ అని రాసి పారేశాను. పిక్చరు ఇంకా డబ్బాలోనే ఉంది. పత్రిక చూసి సర్కారు ప్రచారం ఆఫీసరు మురిసిపోయి మా మేనేజరుకు మెప్పు ఉత్తరం పంపాడు. మేనేజరు దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించాడు.

ఆదివారం ప్రార్థన ముగించుకుని వచ్చిన ఆయమ్మ తిన్నగా టాకీసులో నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో మా పత్రిక.

“పంతులూ, గిది నువ్వు రాసిందేనట గద?”

“నేనే. ఏమైంది?”

“నా బిడ్డ చదివి ఇనిపించింది. ఆడోళ్లంత చూసిన్రు, ఏడ్సిన్రు అని రాసినవు. పరద గుంజేది నేను. నేనెప్పుడు గుంజిన?”

నా జీవితంలో నా రాతకు వచ్చిన మొదటి నిజమైన విమర్శ అది. ఆమె దెబ్బలాటకు రాలేదు, స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె కూతురు ఆ టీకాలు వేసే పిల్లల్లో ఒకతె. పిక్చరులో ఉందట. పొద్దున్నే తెల్ల చీర కట్టుకుని సంచీ భుజాన వేసుకుని వెళ్తుంది, పొద్దు గూకాక వస్తుంది. యాకుత్‌పురాలో వాళ్లు కిరాయికి ఉన్న ఇంటి యజమానురాలికి అది నచ్చలేదు. ఏం పని చేస్తోందో, ఎవరి ఇళ్లకు పోతోందో, ఇలాంటి పిల్ల తన వాకిట్లో ఉంటే పరువు పోతుందని, నెలాఖరుకు గది ఖాళీ చేయమంది.

“నేను చెప్తె నమ్మదు. సర్కారు పిక్చర్ల చూపిస్తె నమ్ముతవా అన్న. కండ్లతోటి చూస్తె నమ్ముత, నా గదిల ఉండుండ్రి అన్నది. బుధవారం మాట్నీకి గల్లీల ఆడోళ్లందరిని తోల్కొని వస్తనన్నది. జర మేనేజరు సాబ్‌కు చెప్పు పంతులూ. ఆ పది నిమిషాలు దీపాలు ఆర్పమను. నేను పరద తీస్త. గంతే.”

గంతే! తర్వాత కూతురి చిన్నప్పటి సంగతులేవో ఎత్తుకుంది. అన్నం ముందర ఎన్నిసార్లు దెబ్బలు తిన్నదో, బళ్లో పంతులు వేళ్ల మీద ఎలా కొట్టాడో, అయినా మొండిఘటం మారలేదని. నేను ప్రూఫులు దిద్దుకుంటూ ఊఁ కొట్టాను. అడుగుతాలే, ఫికర్ చేయకు అని పంపేశాను.

అడిగాను, అడగలేదని చెప్పను. మేనేజరు చెవి దగ్గర, పిల్లి నడిచినట్టు. ఆయన పాన్ నములుతూ నా వైపు చూశాడు.

“క్యా పంతుల్జీ! ఆడోళ్లు చూసిండ్రు, ఏడ్చిండ్రు అని నువ్వే రాసినవ్. లెటర్ వచ్చింది. ఇప్పుడు దీపాలు ఆర్పి పరదా తీస్తే, ఇన్ని రోజులు తీయలేదని ఆఫీసర్‌కు తెలుస్తది. నీ పేపర్ ఝూట్, నా లెటర్ ఝూట్. ఛోడో!”

అక్కడ ఒక్క మాట అనాల్సింది. అబద్ధం నాది, నేను ఒప్పుకుంటా, నువ్వు దీపాలు ఆర్పు అని. నా సమీక్ష పరువు నాకు ఎక్కువైంది. పరువట, నా సమీక్షకు! ఆయమ్మ అడిగితే “చెప్పిన, చూద్దామన్నడు” అన్నాను. ఆమె ముఖం విప్పారింది. వారం మొత్తం మీద ఒక్కరి చేత హర్షం ప్రకటింపజేశాను, అదీ ఇంకో అబద్ధంతోనే.

బుధవారం మాట్నీకి గల్లీ గల్లీయే దిగింది. పది పన్నెండు మంది, ముందు ఇంటి యజమానురాలు, పెద్ద కుంకుమ బొట్టు, నడుముకు తాళాల గుత్తి. మా బాపు పూజచేసే గుడికి వచ్చే మనిషే, నన్ను చూసి గుర్తుపట్టింది. వాళ్లంతా బురఖాల ఆడవాళ్ల పక్కన సర్దుకున్నారు. నేను పరదాకు ఇవతల, హాలు తలుపు దగ్గర నిలబడ్డాను. గంట మోగింది, చిన్న పిక్చరు మొదలైంది. దీపాలు ఎప్పటిలా వెలుగుతూనే ఉన్నాయి. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఒకడు సోడా కొడుతున్నాడు, ఒకడు తన కుర్చీలో ఎవరో కూర్చున్నారని లొల్లి చేస్తున్నాడు. తెల్లగా వెలిసిపోయిన తెర మీద గల్లీలు, గుమ్మాలు కనబడీ కనబడకుండా కదులుతున్నాయి. ఆయమ్మ పరదా సందులోంచి నా వైపు చూసింది. నేను పైకప్పు చూశాను.

రెండు నిమిషాలు ఓపిక పట్టింది. తర్వాత తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

హాలంతా వెలుతురు, జనానాకు అడ్డం లేదు. అంతమంది మగవాళ్లూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. ఈలలు, కేకలు. టికెట్టు కొన్నది తెరను చూడటానికి, దొరికిన ఆ అరనిమిషంలో తెర ఒక్కడికీ అక్కర్లేకపోయింది. జనానాలో బురఖాల ముసుగులు కిందికి దిగాయి, కొంగులు ముఖాల మీదికి వచ్చాయి, తలలు మోకాళ్లలోకి వెళ్లాయి. “చూడుండ్రమ్మా, గదిగో నా బిడ్డ! తల లేపుండ్రమ్మా!” అని ఆయమ్మ తెర వైపు చేయి చాచి అరుస్తోంది. ఒక్క తల లేవలేదు. గేటు మనిషి ఉరికి వచ్చి పరదా లాగేశాడు. మేనేజరు పాన్ ఉమ్మేసి, రేపటి నుంచి రావొద్దని అక్కడికక్కడే ఆయమ్మతో చెప్పేశాడు.

సినిమా చూడకుండానే గల్లీ ఆడవాళ్లు పక్క సందులోకి దిగిపోయారు. సిగ్గుతో, కోపంతో ఊగిపోతున్నారు. ఆయమ్మ వాళ్లను బతిమాలుతూ వెనకే వచ్చింది. నేనూ వెళ్లాను, ఎందుకో తెలియదు.

ఇంటి యజమానురాలు నన్ను ఆపింది. “వాళ్లు వీళ్లు ఏంది, అయ్యగారి కొడుకున్నడు గద. గుళ్ల దీపం ముట్టించే ఇల్లు. పంతులూ, నువ్వు తెర దిక్కే నిలబడ్డవు. నువ్వు చూసినవా ఆ పొల్లని?”

ఆయమ్మ నా ముఖంలోకి చూసింది. ఆ గది, ఆ పిల్ల పరువు, అన్నీ నా నోట్లో ఉన్నాయి. నిజం చెప్పాలంటే నేను చూడలేదు. ఈల వేసినవాళ్లతోపాటు నేనూ వెనక్కే తిరిగాను. సమీక్షకుడు! చూడలేదమ్మా, రేపు ఆఖరి రోజు, రేపు చూసి చెప్తా అంటే సరిపోయేది. కానీ చూడలేదని చెప్పే అలవాటు నాకు లేదు.

“చూసిన” అన్నాను. “నా కండ్లతోటి చూసిన. తెల్ల చీర. మస్తు మంచిగ టీకాలు వేస్తున్నది.”

ఆమె కళ్లు చిన్నవయ్యాయి. “ఏ చేత్తోటి?”

ఇదేం ప్రశ్న? “కుడి చేత్తోటి. ఇంక ఏ చేత్తోటి వేస్తరు?”

ఒకామె కిసుక్కున నవ్వింది. యజమానురాలు తాళాల గుత్తి సర్దుకుంది. “ఆ పొల్లది పుట్టుకతోనే ఎడమచెయ్యి. అన్నం తినుడు, రాసుడు, ముగ్గు ఏసుడు, అన్ని గదే చేయి. గల్లీల కుక్కలకు గూడ తెలుసు. తల్లి మంచిగనే పాఠం చెప్పి నిలబెట్టింది నిన్ను, చేయి సంగతొక్కటి మర్చినట్టున్నది. పాండ్రే, ఇంటికి పోదం.”

ఆయమ్మ నన్ను తిట్టకుండానే వాళ్ల వెనక నడిచింది. తిడితే బాగుండేది.

మర్నాడు మాట్నీకి మొదటిసారి టికెట్టు చింపించుకుని అందరికంటే ముందు కుర్చీలో కూర్చున్నాను. సోడావాళ్లు నవ్వారు. దీపాల వెలుతురులో కళ్లు చిట్లించి, చిన్న పిక్చరు మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఆమె ఉంది. ఒక గుమ్మంలో కూర్చుని, ఏడుస్తున్న పిల్లవాడి జబ్బ పట్టుకుని, వాడితో ఏదో చెప్పి నవ్విస్తూ టీకా వేసింది. ఎడమ చేత్తో. అంత దగ్గర్నించి ముఖం అద్దంలా స్పష్టంగా ఉంది. ఇంత మంచి పిక్చరుకు నేను ‘కన్నుల పండువ’ అని రాశానే అని సిగ్గేసింది.

అసలు సినిమాకు ఆగకుండా రిక్షా ఎక్కి యాకుత్‌పురా వెళ్లాను. నెలాఖరు ఆ రోజే. వాకిట్లో రిక్షా మీద ట్రంకుపెట్టె, చాపలు, ఒక బిందె. కూతురు వాటికి తాడు బిగిస్తోంది, ఎడమ చేత్తో. నన్ను చూసి తల తిప్పుకుంది. యజమానురాలు గడప మీద నిలబడి ఉంది.

“అమ్మా, ఇయ్యాల నిజంగ చూసిన” అన్నాను, రొప్పుతూ. “ఆమెనే. ఎడమ చెయ్యే. ఒట్టు!”

“నిన్న కుడి చెయ్యంటివి, ఇయ్యాల ఎడమ చెయ్యంటున్నవు” అందామె. “రేపు రెండు చేతులంటవా పంతులూ?”

ఆయమ్మ రిక్షాలో బిందె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా వైపు చూడకుండానే అంది: “ఇగ పో బిడ్డా. పోయి పేపర్ల రాసుకో.”